గోడకూ ఊరికీ ఒకే లెక్క

వరదల రోజుల్లో కోనసీమ లంకల్లో ఎవరు ఎదురుపడినా ఒకటే అడుగుతారు: ధవళేశ్వరంలో గోదావరి ఎన్ని అడుగులుంది? 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకు గొడ్లను గట్టెక్కించాలో, దేనికి ఇల్లు వదలాలో అక్కడి ఆడా మగా అందరికీ తెలుసు. నీళ్లు పెరిగే కొద్దీ వాళ్ల పనీ మారుతుంది.

ఎగువన పోలవరం ప్రాజెక్టులో ఆ లెక్క తప్పింది.

ప్రధాన డ్యామ్ కింద నుంచి నీరు ఊరకుండా నది ఇసుకలో దించిన కాంక్రీటు గోడ, డయాఫ్రం వాల్, 2018 జూన్‌లో పూర్తయింది. ఆ తర్వాత, పని జరిగే చోటికి నది రాకుండా ఆపే తాత్కాలిక కట్ట, ఎగువ కాఫర్ డ్యామ్ మొదలుపెట్టారు. దాన్ని పూర్తిగా మూసేస్తే నీరు వెనక్కి తన్ని, ఇంకా ఖాళీ కాని ఊళ్లను ముంచుతుంది. అందుకని ఖాళీలు వదిలారు. 2019లో ప్రభుత్వం మారింది, కాంట్రాక్టరూ మారారు. ఖాళీలు మాత్రం అలాగే ఉండగా వరదలు వచ్చాయి. 2020 ఆగస్టులో వచ్చిన ప్రవాహం 20 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత గోదారీ ఆ ఇరుకు దారుల్లో పడేసరికి వేగం పెరిగి ఇసుకను తవ్వేసింది. పెద్ద పెద్ద అగాధాలు పడ్డాయి, గోడ దెబ్బతింది.

తప్పు మీదంటే మీదని పార్టీలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. ఆ వాదనలో అసలు సంగతి మరుగున పడుతోంది. కాంక్రీటు గోడ భద్రత నిర్వాసితుల పునరావాసం మీద ఆధారపడి ఉంది. ముంపులో ఉన్న దేవీపట్నం మండలంలో ఒక కుటుంబానికి ఇల్లు ఆలస్యమైతే అది పునరావాసం ఫైలులో ఒక అంకెగానే కనిపిస్తుంది. ఇంజనీర్ల పట్టికలో అదే వచ్చే వర్షాకాలానికి పెద్ద ప్రమాదంగా నమోదు కావాల్సింది. సగం కట్టిన కట్టడం ఏ కట్టడమూ లేనిదానికంటే ప్రమాదకరం కావచ్చు. ప్రతి జూన్‌కీ ఆ సగం ఎక్కడుందో మళ్లీ కొలవాలి.

నది ఆగలేదు కూడా. 2022 జూలైలో, పెద్ద వరదలు సాధారణంగా ఆగస్టులో వచ్చే చోట, ధవళేశ్వరం దగ్గర దాదాపు 25.8 లక్షల క్యూసెక్కులు పారాయి. కాఫర్ డ్యామ్‌ను అప్పటికప్పుడు రాత్రింబవళ్లు కష్టపడి మీటరు ఎత్తు పెంచారు. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ కూలీలు, ఇంజనీర్ల ప్రాణాలు పణంగా పెట్టే పరిస్థితి మళ్లీ రాకూడదు.

2024లో అమెరికా, కెనడా నిపుణులు వచ్చి చూశారు. 2025 జనవరిలో పాత గోడకు బదులు కొత్తది మొదలైంది. ఖర్చు దాదాపు 990 కోట్లు.

ఇకపైన ఏటా మే నెలలోనే ప్రభుత్వం ఒక ప్రకటన ఇవ్వాలి. ఏ పని ఎంతవరకు వచ్చింది, అది ఎన్ని లక్షల క్యూసెక్కులను తట్టుకుంటుంది, నీరు వెనక్కి తన్నితే ఏయే ఊళ్లు మునుగుతాయి? మొదటి దశలో 41.15 మీటర్ల మట్టం వరకు నీరు నిలిపేనాటికి ఖాళీ కావాల్సిన గ్రామాల్లో ఎన్ని కుటుంబాలకు తాళం చెవులు అందాయో కూడా అందులోనే, గోడ లెక్క పక్కనే ఉండాలి.