చెత్తదిబ్బ జరిమానాకు దినముల లెక్క

పట్టణపు చెత్త పల్లెపొలిమేరకు చేరుట నేడు సామాన్యమైపోయినది. ఆ చెత్తను పూడ్చు తావును సరిగా కాపాడనియెడల కష్టము పట్టణవాసికి గాక ప్రక్కపొలము రైతునకు కలుగును. వానకాలమున దిబ్బనుండి ఊరెడి నల్లనీరు కాలువలకును, చెరువులకును, బావులకును దిగును. హైదరాబాదు చెంత జవహర్‌నగరు దిబ్బనుండి వచ్చిన ఇట్టి నీటిచే మల్కారము చెరువు చెడిన సంగతి పలువు రెరిగినదే.

ఇట్టి తావును ఎట్లు కాపాడవలెనో 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు స్పష్టముగనే చెప్పినవి. అడుగున నీరింకని పొర యుండవలెను. ఊటనీటిని పట్టి శుద్ధి చేయవలెను. చెత్తపై ప్రతిదినమును 10 సెంటీమీటర్లకు తక్కువ గాకుండ మట్టి కప్పవలెను. వానలకు ముందు 40 మొదలు 65 సెంటీమీటర్ల వరకు కప్పు వేయవలెను. ఇందు ముఖ్యమైన పనులు ఒకనాడు చేసి ముగించునవి గావు, నిత్యము చేయవలసినవి. కావున మట్టి కప్పని ప్రతిదినమును ఒక క్రొత్త తప్పే యగును. జరిమానాయు దినముల లెక్కననే యుండుట న్యాయము.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పురపాలక సంఘముల విషయమున ఇట్టి లెక్క నొకదానిని ఏర్పరచినది. జాతీయ హరిత ట్రిబ్యునలు 2019లో దానిని ఆమోదించినది. అందు మూడు భాగములు కలవు. కట్టవలసిన ఏర్పాట్లు కట్టనందుకు, నియమప్రకారము పరిష్కరింపక మిగిల్చిన దినచెత్తలో టన్నుకు 2.4 లక్షల రూపాయలు మొదటి భాగము. నిత్యనిర్వహణకు వెచ్చింపనందుకు టన్నుకు దినమునకు 2,000 రూపాయలు రెండవది. పరిసరములకు కలిగిన చేటునకు దినమునకు ఇంత యని నిర్ణయించు మొత్తము మూడవది.

ఒక ఉదాహరణము చూతము. ఒక పట్టణమున దినమునకు 50 టన్నుల చెత్త వచ్చుచున్నదనియు, అందు 30 టన్నులు మాత్రమే సరిగా పరిష్కరింపబడుచున్నదనియు అనుకొందము. మిగిలిన 20 టన్నులకు మొదటి భాగము 48 లక్షలు. రెండవ భాగము దినమునకు 40,000 రూపాయలు. 365 దినములకు 1 కోటి 46 లక్షలు. రెండును కలిసి 1 కోటి 94 లక్షలగును. మూడవ భాగము దీనికి అదనము. పని మానినవానికి మానినందున మిగిలిన సొమ్ము దక్కరాదనుటయే దీని సారము. జరిమానా ఖర్చుకంటె తక్కువైనయెడల నియమము మీరుటయే లాభసాటి బేరమగును గదా!

అయినను ఇందొక లోపము కలదని మా అభిప్రాయము. ఈ లెక్కలో దినములు మండలి ఆదేశము వెలువడిన నాటినుండి ప్రారంభమగును; తప్పు జరిగిన నాటినుండి గాదు. మన సంఘమునందు గడువు మీరిన బాకీకి వడ్డీని నోటీసు పంపిన నాటినుండి కట్టుదుమా? గడువు మీరిన మరునాటినుండియే కదా కట్టునది! రైతు బావి మండలి ఆదేశము కొరకు కాచుకొని చెడలేదు. కావున తప్పు మొదలైనట్లు రుజువైన దినమునుండియే లెక్క సాగవలెను.

పురపాలక సంఘముపై వేసిన జరిమానా కడకు ప్రజల సొమ్మే గదా యని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అందుచేతనే ఆ సొమ్ము బొక్కసమున కలిసిపోరాదు. 2022 అక్టోబరులో ట్రిబ్యునలు తెలంగాణ రాష్ట్రమున పేరుకొన్న 59 లక్షల టన్నుల పాతచెత్తకు టన్నుకు 300 చొప్పున 177 కోట్ల రూపాయలు లెక్కగట్టి, ఆ సొమ్మును ప్రత్యేకపు ఖాతాయందుంచి బాగుచేతకే వినియోగింపవలెనని ఆదేశించినది. ఈ మార్గము మంచిది. అయితే అట్టి ఖాతాలో కొంతభాగము చెడిన బావులకును, పొలములకును విడిగా నిర్ణయింపవలెనని మేము కోరుచున్నాము.

రైతుసోదరులు చేయవలసిన పనియు కొంత కలదు. దినముల లెక్కకు ఆధారము వ్రాత. దిబ్బ చెంతనున్న ప్రతి గ్రామసంఘమును ఒక పుస్తకము పెట్టవలెను. మట్టి కప్పని దినము, పొగ లేచిన దినము, నల్లనీరు కాలువను చేరిన దినము తేదీతో వ్రాసి ఇద్దరు సభ్యులు చేవ్రాలు చేయవలెను. ఛాయాచిత్రములు తీయవలెను; బావినీటిని పరీక్ష చేయించి ఆ పత్రము భద్రపరచవలెను; అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. 2010 నాటి హరిత ట్రిబ్యునలు చట్టము ప్రకారము నష్టపరిహారపు అర్జీని కారణము తొలుత కలిగిన నాటినుండి 5 సంవత్సరములలో దాఖలు చేయవలెను. తగిన కారణము చూపినచో మరి 60 దినములు మాత్రమే గడువు దొరకును. తెలుగు జిల్లాల అర్జీలు చెన్నపట్టణమునందలి దక్షిణపీఠము విచారించును.

వడ్డీ లెక్కలో ఒక్క దినము తప్పినను పట్టుకొను రైతు, తన బావి చెడిన దినములను లెక్కింపక విడువరాదు.