చతుష్పథం

మన ప్రబంధకవులు పురవర్ణనకు పూనుకొన్నప్పుడు కోటలను, మేడలను కీర్తించి ఊరుకోలేదు. వీథిలో పూలమ్మే పుష్పలావికలకూ పద్యాలు కేటాయించారు. నడిచే మనుషులు లేని వీథి వారి దృష్టిలో వీథి కాదు. అమరకోశం చతుష్పథమనీ, శృంగాటకమనీ పేర్కొన్న నాలుగు దారుల కూడలిని నేడు పునర్నిర్మిస్తున్న మనకు ఆ చూపు ఉన్నదా?

విజయవాడ బెంజి సర్కిల్‌నే చూడండి. పూర్వం 5వ నంబరుగా ఉండి, 2010లో 16గా మారిన చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని బందరు రోడ్డు అక్కడ కలుసుకుంటుంది. ఒకప్పుడు ఊరి అంచున సాగిన రహదారి, ఊరు పెరగడంతో నడివీథి అయింది. నగరంలో ఏ పనీ లేని దూరప్రాంతపు లారీ, కళాశాలకు వెళ్లే విద్యార్థి ఎక్కిన ఆటో ఒకే సిగ్నలు వద్ద పడిగాపులు కాసేవి. ఆ చిక్కు విడదీయడానికే పైవంతెనలు కట్టారు. మూడేసి వరుసల దారితో ఒకటి 2020లో, దాని సరసన మరొకటి 2021లో వాడుకలోకి వచ్చాయి. లారీలు పైకెక్కాయి. ఈ మేలును కాదనడం అన్యాయం.

అయితే పైవంతెన ఒక దారిలో నేరుగా పోయేవారిని మాత్రమే తప్పిస్తుంది. బందరు రోడ్డు వాహనాలు, మలుపు తిరిగేవి నేల మీదనే మిగులుతాయి. 2008లో ప్రారంభమైన చెన్నై కత్తిపార కూడలిలో మలుపు తిరిగేవారికీ వలయాకారపు దారులు కట్టారు. అందుకు కావలసినంత స్థలం ఇళ్లు, దుకాణాలు ముసురుకొన్న కూడలిలో ఎక్కడిది? దొరికినా, పాదచారికి ఆ వలయాలు పద్మవ్యూహమే.

కనుక మిగిలిన పని నేల మీదనే ఉన్నది. సిగ్నలు కాలాన్ని నిర్ణయించేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్లు సాధారణంగా లెక్కిస్తారు. ఆ లెక్కన 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటరు మాత్రమే నడవగల వృద్ధురాలికి 30 సెకన్లు కావాలి. (మోకాళ్ల నొప్పి తెలిసివచ్చిన వయస్సు నాది, ఈ తేడా నాకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు.) పాదచారుల వంతెన కట్టి పొమ్మంటే సరిపోదు. ఇంజను ఉన్న లారీకి వాలుదారి వేసి, ముసలివారిని మెట్లెక్కమనడం ఏమి న్యాయం? రోడ్డు నడుమ క్షణం నిలిచే తిన్నె, మధ్యలో తెగిపోని కాలిబాట, ఆ అదనపు 10 సెకన్లు కావాలి. ఆ 10 సెకన్ల పాటు వాహనాలు ఆగవలసి వస్తుంది. ఆగనివ్వండి.