పార్టీ ఎవరిదైనా సరే, అడిగే ప్రశ్న ఒక్కటే కావాలె



ఊళ్లో ఎలక్షన్లు వచ్చినయంటే ఇక్కడ మన క్యాంపుల్లో లొల్లి మొదలైతది. ఒకే కుండలో వండుకొని తినేటోళ్లు నీ పార్టీ, నా పార్టీ అని మాటలు బంద్ చేసుకుంటరు. ఫోన్‌కు ఒక వీడియో వస్తది. నిజమో అబద్ధమో చూడకుండ పది గ్రూపులకు పంపుతరు. వీడియో చేసినోడికి ఏం కాదు. పగ పెంచుకునేది పై బెడ్డు మీదోడు, కింది బెడ్డు మీదోడు.

కోపం తప్పని నేను అంటలేను. ఏజెంటు మోసం, జీతం బాకీ, చనిపోయినోళ్ల శవం కోసం ఇంటోళ్ల ఎదురుచూపు, వీటికి కోపం రాకపోతేనే తప్పు. కానీ ఆ కోపం పక్క బెడ్డోడి మీదికి పోతే మనకు వచ్చేది ఏం లేదు.

ఒక సంగతి యాది చేసుకుందాం. 2020 సెప్టెంబరులో, కరోనా టైంలో, కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు పోయే మన కార్మికుల కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. ఆ దెబ్బ అన్ని పార్టీల వాళ్లకూ తగిలింది. కార్మికుల కోసం పనిచేసేటోళ్లు తిట్టుకుంట కూసోలేదు. లెక్కలు తీసిండ్రు, తెలంగాణ హైకోర్టులో పిల్ వేసిండ్రు. పార్లమెంటులో ఎంపీలు అడిగిండ్రు. ఆ సర్క్యులర్లు వెనక్కి తీసుకున్నమని 2021 జూలైలో కేంద్రం చెప్పక తప్పలేదు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం కూడా అంతే. అడగడం మొదలైనప్పుడు ఒక పార్టీ సర్కారు, 2024 సెప్టెంబరులో తెలంగాణలో జీవో వచ్చినప్పుడు ఇంకో పార్టీ సర్కారు. సర్కారు మారినా అడిగేటోళ్లు అడుగుడు ఆపలేదు.

“మన మాట ఎవరు వింటరు, మనకు ఇక్కడ ఓటు లేదు కదా” అంటరు కొందరు. నిజమే, ఊరికి పోతేనే ఓటు వేయగలం. కానీ ఇంట్లో అమ్మ, నాయన, భార్య ఓట్లు ఉన్నయి. ఓటు అడగొచ్చినోళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

అందుకే మూడు పనులు చేద్దాం.

1. కోపం తెప్పించే వీడియో వస్తే ఒక పూట ఆగుదాం. యూఏఈలో 2022 జనవరి నుంచి ఉన్న సైబర్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో తప్పుడు వార్తలు పంచినా కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాంల జరిమానా ఉంటది. జైలుకు పోతే ఊళ్లో అప్పు ఏ పార్టీ కట్టదు.

2. రూములో వాదన పెరిగితే “మీ పార్టీ గల్ఫోళ్లకు ఏం చేస్తనన్నది?” అని అడుగుదాం. మన పార్టీని కూడా అదే అడుగుదాం.

3. ఒక్కో మండలం వాళ్లం కలిసి ఒకే కాగితం రాద్దాం. అన్ని పార్టీల లీడర్లకు అదే కాగితం ఇద్దాం.

పార్టీ మార్చుకొమ్మని ఎవరికీ చెప్తలేను. ఎవరి జెండా వాళ్లు పట్టుకోండ్రి, కాగితం మీద సంతకం మాత్రం అందరం పెడదాం. మీ రూములో అందరూ ఒప్పుకున్న రెండు ప్రశ్నలు ఈ శుక్రవారం లోపు గ్రూపులో వాయిస్ పెట్టండ్రి. కాగితం అక్కడి నుంచే మొదలుపెడదాం.