బేచిరాగ్ ఊళ్లు

పాత రెవెన్యూ లెక్కలు తిరగేసినవాళ్లకు ఒక లఫ్జ్ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది: బేచిరాగ్. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం లేని ఊరు. ఊరికి హద్దులుంటాయి, సర్వే నంబర్లుంటాయి, శిస్తు లెక్క ఉంటుంది. మగ్రిబ్ వేళకు దీపం పెట్టే మనిషి మాత్రం ఉండడు. ఏ ఫార్సీ మున్షీ కలం నుంచి వచ్చిందో గానీ, ఇంత దర్ద్ ఉన్న సర్కారీ మాట నాకు మరొకటి కనిపించలేదు. జనాభా లెక్కలవాళ్లు అదే సంగతిని ‘నివాసులు లేని గ్రామం’ అని చప్పగా రాసుకుంటారు. 2011 లెక్కల్లో మన ముల్క్ మొత్తం మీద 6 లక్షల 40 వేల పైచిలుకు గ్రామాలుంటే, అందులో 43 వేలకు పైగా ఇలాంటివే.

ఊళ్లు చచ్చిపోవడం కొత్తేమీ కాదు. కలరా వచ్చి పోయినవి, కరువుకు పోయినవి, చెరువు తెగి పోయినవి ఎన్నో. మన రైతులు పొలానికి పాటిమన్ను తోలతారు చూడండి, అది ఎప్పటిదో ఒక ఊరి మట్టే. ఎవరి పొయ్యి బూడిదో, ఎవరి గోడ మట్టో, ఎవరి గొడ్ల పెంటో, వందల ఏళ్లకు ఎరువైపోతుంది. అలాంటి ఊళ్ల మీద నాకు షికాయత్ లేదు. జమానా తీసుకుపోయింది, అంతే. ఎవరో బల్ల ముందు కూర్చుని, నక్షా మీద గీత గీసి ఆర్పేసిన దీపాల సంగతి వేరు. మనకు దగ్గరలో అలాంటివి నల్లమలలో ఉన్నాయి.

నల్లమల అనగానే పులి, శ్రీశైలం, చెంచులు గుర్తొస్తారు. ఆ అడవి అంచు వెంట, కృష్ణ ఒడ్డున, తుంగభద్ర వచ్చి కలిసే చోట, నిండుగా బతికిన పల్లెలుండేవని ఇప్పటి పిల్లలకు తెలియదు. 1963లో శ్రీశైలం డ్యామ్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఎనభైల మొదట్లో నీళ్లు నిలిచాయి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ గీతకు దిగువన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు, లక్ష మంది దాకా మనుషులు. 1981లో వాళ్లను ఖాళీ చేయించిన తీరుకు ‘ఆపరేషన్ డిమాలిషన్’ అన్న పేరు నిలిచిపోయింది. పేరులోనే కూల్చివేత ఉంది, పునరావాసం లేదు.

ఒక చిత్రం చెప్తాను. నదికి ఆ ఒడ్డు నిజాం రియాసత్, ఈ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ. ఒకవైపు పహాణీ, ఇంకోవైపు అడంగల్. 1956 దాకా రెండు రాజ్యాలు, రెండు రకాల దఫ్తర్లు, రెండు రకాల లెక్కలు. నీళ్లు వచ్చినప్పుడు మాత్రం రెండు ఒడ్లూ ఒకేలా మునిగాయి. 2014 తర్వాత మళ్లీ రెండు రాష్ట్రాలు. మునిగిన ఊరివాడు ఇప్పుడు ఏ సర్కారు తలుపు తట్టాలన్నది కూడా వాడి కొత్త అడ్రస్‌ను బట్టే!

అప్పటి చట్టం 1894 నాటిది, అంగ్రేజుల చట్టం. దానికి తెలిసింది ఎకరం, గోడ, చెట్టు. లెక్కగట్టి నఖద్ చేతిలో పెడితే ఖతం. భూమికి బదులు భూమి ఇచ్చి తీరాలన్న మాట అందులో లేదు. భూమి లేని కౌలుదారు, కూలీ, దూది ఏకే దూదేకులవాడు, ఊరిని నమ్ముకున్న మంగలి, చాకలి ఆ లెక్కలోకి రానే రారు. 1986లో 98 నంబరు జీవో ఇచ్చి, ముంపు కుటుంబాలకు సర్కారీ నౌకరీలు అన్నారు. ఆ ‘98 జీవో’ పేరుతో అర్జీలు పట్టుకుని తిరిగినవాళ్లలో కుర్రాళ్లుగా మొదలుపెట్టి బుజుర్గులైపోయినవాళ్లున్నారు. డ్యామ్ వద్దనాల్సిందని నేను అనడం లేదు. ఆ కరెంటు మన ఇళ్లలోనూ వెలిగింది, ఆ నీళ్లు మన పొలాల్లోనూ పారాయి. అందుకే ఆ లెక్కలో ఏం రాశారు, ఏం వదిలేశారు అని అడిగే జిమ్మేదారీ మనకు ఇంకా ఎక్కువ.

వదిలేసినవాటిలో పెద్దది ఒకటుంది. అలంపురం వెళ్లినవాళ్లు కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని చూసి ఉంటారు. సంగమం దగ్గర మునిగిపోవాల్సిన గుడిని రాయి రాయికీ నంబరు వేసి, ఊడదీసి, తెచ్చి, మళ్లీ అలాగే పేర్చారు. పాపనాశనం గుళ్లనూ అలాగే తరలించారు. సోమశిలలోనూ, జటప్రోలులోనూ ఆ పని చేశారు. చాలా మంచి పని. ఆ ఇంజనీర్లకు, ఆ శిల్పులకు సలాం. వెయ్యేళ్ల పనితనం నీళ్లపాలు కాకూడదు. నా సవాల్ వేరే. రాయికి నంబరు వేసే ఓపిక ఉన్న సర్కారుకు, మనుషుల సంగతి రాసిపెట్టుకునే ఓపిక ఎందుకు లేకపోయింది? ఏ గుంపు ఎటు పోయింది, ఏ వీధివాళ్లు ఏ కాలనీలో తేలారు, ఊరి ఖబ్రస్తాన్ ఏ సర్వే నంబరులో ఉండేది అన్న వివరాలు ఒక్కో ఊరికి ఒక్కో కితాబుగా ఉండాల్సింది. ఊరూరా ఉండే చిన్న గుళ్లు, పోచమ్మ గద్దెలు, పీర్ల చావిళ్లు, ఖబ్రస్తాన్‌లు పురావస్తు జాబితాకెక్కే రకం కావు. ఊరి గుండె మాత్రం వాటిలోనే ఉంటుంది.

పీర్ల సంగతే తీసుకోండి. మా నానీమా పుట్టింది ఆ ముంపు ఊళ్లలో ఒక దాంట్లో. ఊళ్లో ముసల్మాన్ ఇళ్లు పట్టుమని పది కూడా లేవట. మొహర్రం నెల మాత్రం ఊరంతటిదీ. పీర్లను ఎత్తుకునే హక్కు ఒక బోయ ఖాందాన్‌కు ఉండేదట, గుండానికి కట్టెలు తెచ్చేది రెడ్ల ఇంటి నుంచి. ఊరు ఖాళీ అయ్యే రోజున పీర్లను సందూక్‌లో పెట్టి బండెక్కించారు. అలావా గుండాన్ని ఎలా ఎక్కిస్తారు? ఎత్తుకునే ఖాందాన్ ఒక దిక్కుకూ, కట్టెలు తెచ్చే ఖాందాన్ ఇంకో దిక్కుకూ పోయింది. కొత్త కాలనీలో సందూక్ తెరిచారు గానీ అది ఊరి పండగ కాలేదు, ఆ కొద్ది ఇళ్ల పండగ అయింది. ‘అక్కడ మేం ఊరివాళ్లం, ఇక్కడ తురకోళ్లం’ అనేది నానీమా. దీనికి ముఆవజా ఏ చట్టం కడుతుందో నాకు తెలీదు గానీ, ఊరు పోవడమంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

ఎండాకాలం నీళ్లు బాగా వెనక్కి పోయిన ఏడాది ఆ ఊళ్లు బయటపడతాయి. సప్తనదుల సంగమం దగ్గర సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి లేస్తుంది, భక్తులు పడవల్లో పోయి దండం పెట్టుకుని వస్తారు, పేపర్లలో ఫోటోలు పడతాయి. గుడి చుట్టూ ఊరు కూడా ఉంటుంది. మొండి గోడలు, బావి ఒరలు, రోళ్లు, అరుగులు. ఒండ్రు ఆరగానే రైతులు అందులో పంట వేసుకుంటారు. వానలు పడి మళ్లీ నీళ్లొచ్చేలోపు ఆ కొన్ని నెలలే ఆ నేలకు ఊపిరి. ఖబ్రస్తాన్ ఉన్న చోట మాత్రం వెతుక్కోవాలి. మన మట్టి ఖబర్లు ఒక్క వరదకే చదునైపోతాయి. తలాపున పాతిన బండ ఉంటే అదృష్టం.

ఇక్కడ కొందరు అజీజ్‌లు అడ్డు తగులుతారని నాకు తెలుసు. ‘ఖబర్ల మీద ఈ బెంగ ఏమిటి భాయ్, రూహ్ అల్లాహ్ దగ్గర, దుఆ ఎక్కడ నుంచి చేసినా చేరుతుంది’ అని. సహీ బాత్. నేను నీళ్ల ఒడ్డున ఉర్స్ పెట్టమనడం లేదు, చాదర్ కప్పమనడం లేదు. ఎవరి కోసం దుఆ చేస్తున్నామో వాళ్ల పేరు, వాళ్ల ఊరి పేరు మన పిల్లలకు తెలియాలి కదా అంటున్నాను. ఊరి పేరు పోయిన రెండో తరానికి దాదా పేరు పోతుంది. మూడో తరానికి ‘మేము ఎక్కడి నుంచో వచ్చాం’ అన్న మాట మిగులుతుంది. ఆ ‘ఎక్కడి నుంచో’ అన్న మాట ఈ రోజుల్లో ఒక ముసల్మాన్ నోటి వెంట రావడం ఎంత ఖతర్నాక్ సంగతో మీకు విడమరిచి చెప్పాలా? హజ్‌కు పోదామని పాస్‌పోర్ట్ ఫారం నింపే పెద్దాయన ‘పుట్టిన స్థలం’ గడి దగ్గర ఆగిపోతాడు. కౌంటర్ అవతల కుర్రాడు కంప్యూటర్‌లో వెతికి ‘ఈ ఊరు లేదు చాచా, ఇంకోటి చెప్పండి’ అంటాడు. పుట్టిన ఊరు ఇంకోటి ఎలా చెప్తారు?

ఇదంతా పాత కథ అనుకోకండి. నల్లమలలో ఇంకా దీపాలున్న ఊళ్లున్నాయి, వాటి మీదా గీతలు పడుతున్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దాని లోపల అప్పాపూర్, మల్లాపూర్, భౌరాపూర్ లాంటి చెంచు పెంటలు ఉన్నాయి. అక్కడే ఫరహాబాద్ కూడా ఉంది. ఫరహ్ అంటే ఖుషీ, నిజాం షికార్ కోసం ముచ్చటపడి కట్టించుకున్న బంగళా చోటు. బంగళా ఖండహర్ అయింది, పక్కన చెంచులు మాత్రం ఉన్నారు. వట్టవర్లపల్లి, సార్లపల్లి, కుడిచింతలబైలు ఊళ్లను బయటికి తరలించే మాట చాలా ఏళ్లుగా నడుస్తూనే ఉంది. కవాల్ అడవిలో మైసంపేట, రాంపూర్ ఇప్పటికే ఖాళీ అయ్యాయి.

1981కీ ఇప్పటికీ ఫర్క్ ఉంది, ఒప్పుకోవాలి. 2006 తర్వాత చట్టం ప్రకారం పులుల అడవి నుంచి ఎవరినైనా తరలించాలంటే వాళ్ల రజామందీ కావాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ, లేదంటే భూమితో పునరావాసం. ఆస్పత్రి, స్కూలు, రోడ్డు కావాలని సొంత మర్జీతో బయటికి వచ్చే కుటుంబాలున్నాయి. వాళ్లను అడవిలోనే ఉండమనడానికి మనమెవరం? 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు చెంచుల నుంచి షహర్ కుర్రాళ్ల దాకా అందరూ ‘సేవ్ నల్లమల’ అని లేచారు, తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఆవాజ్ ఎత్తితే పని జరుగుతుంది. కాబట్టి ఇప్పుడే, ఊరు కదలకముందే, ప్యాకేజీ పక్కన ఒక రిజిస్టర్ కూడా అడగాలి. ఎవరి ఇల్లు ఎక్కడ, ఎవరి పెద్దలు ఎక్కడ పడుకున్నారు, ఏ గట్టు పేరేమిటి, ఏ వాగు పేరేమిటి, అన్నీ రాసి, ఒక నఖల్ ప్రతి ఇంటి చేతిలో పెట్టాలి. రాయికి నంబరు వేసినంత ఖర్చు కూడా కాదు. చెంచుల కోసం అడుగుతున్నాం అనుకోకండి. రేపు ఏ రింగ్ రోడ్డో, ఏ రిజర్వాయరో మన బస్తీ మీదికి వచ్చిన రోజున ఈ రివాజ్ మనకూ ఉంటుంది.

మన సొంత పని ఒకటి మిగిలే ఉంది. 1981లో పదిహేనేళ్లున్న పిల్లవాడికి ఇప్పుడు అరవై. ఊరిని కళ్లతో చూసినవాళ్లు చాలామంది ఇంకా హయాత్‌లో ఉన్నారు. పాలమూరు వైపు వాళ్లయితే నికాహ్ సియాహాలు ఖాజీ దఫ్తర్‌లో వెతకండి, దూల్హా దుల్హన్ల ఊరి పేర్లు దొరకొచ్చు. 1954-55 ఖాస్రా పహాణీలో ఊరు, సర్వే నంబరు, పట్టాదారు పేరు కలిసి ఉంటాయి. వక్ఫ్ గెజెట్‌లో మీ ఊరి ఆషూర్‌ఖానా, ఖబ్రస్తాన్ ఎక్కాయేమో చూడండి. కర్నూలు వైపు వాళ్లు పాత అడంగల్ నఖల్ కోసం అర్జీ పెట్టుకోవచ్చు. ముంపు పరిహారం తాలూకు అవార్డు కాగితం ఇంట్లో ఏ ట్రంకు పెట్టె అడుగునో ఉంటే, చెదలు పట్టకముందే ఫోటో తీయండి. ఈ జుమా తర్వాత నానా దగ్గరో, నానీ దగ్గరో ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని కూర్చోండి. ముందు ఊరి పేరు అడగండి, ఉర్దూలోనూ తెలుగులోనూ రాయండి. తర్వాత పక్కింటివాళ్ల పేర్లు అడగండి, అన్ని కులాలవాళ్లవీ.