కంపుకు విజువల్స్ లేవు

గాలి జవహర్‌నగర్ వైపు నుంచి తిరిగిందంటే దమ్మాయిగూడలో కిటికీలు మూసుకోవాల్సిందే. ఎండాకాలమైనా సరే, ఉక్కపోతైనా సరే. హైదరాబాద్ నగరం నలుమూలల నుంచి రోజూ వేల టన్నుల చెత్త చేరే ఆ డంపింగ్ యార్డు మూడు వందల ఎకరాలకు పైగా పరుచుకుని ఉంది. దాని నుంచి ఊరిన నల్లటి మురుగు మల్కారం చెరువును ఎప్పుడో పాడుచేసింది. చెత్త గుట్టను మట్టితో కప్పారు, చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు 2020లో పెట్టారు. అయినా ముసురు పట్టిన రాత్రి దమ్మాయిగూడ, నాగారం, జవహర్‌నగర్ కాలనీల్లో అన్నం ముద్ద నోట్లోకి పోదు. ఏళ్ల తరబడి సాగుతున్న ఈ గోసకు తెలుగు న్యూస్ చానెళ్లలో దక్కిన చోటెంత? ధర్నా జరిగిన రోజు ఒక నిమిషం. యార్డులో మంటలు లేచిన రోజు, పొగ కనబడుతుంది కనుక, ఇంకాస్త. మామూలు రోజుల్లో కంపు మామూలుగానే ఉంటుంది, వార్త ఉండదు.

దీనికి విలేకరుల నిర్లక్ష్యమే కారణమంటే అన్యాయమవుతుంది. చానెల్ అనే వ్యాపారం కట్టుబడే అలా ఉంది. డబ్బంతా చానెల్ ముఖానికి పోతుంది: లోగోకు, సెట్టుకు, గ్రాఫిక్స్‌కు, సెట్‌టాప్ బాక్సులో ముందు కనబడటానికి. వార్త పట్టుకొచ్చే చేతికి మిగిలేది చిల్లర. ఈ తేడా సరిచేయనంత కాలం నగర శివార్లు తెరమీదికి రావాలంటే అక్కడ ఏదో ఒకటి తగలబడాలి, లేదా ఎవరో ఒకరు చనిపోవాలి.

తెలుగు టీవీ వార్త పుట్టింది హైదరాబాద్‌లోని ఈ తూర్పు దిక్కునే. రామంతాపూర్‌లోని దూరదర్శన్ కేంద్రం ఉప్పల్‌కు కూతవేటు దూరం. 1977లో హైదరాబాద్ కేంద్రం మొదలైనా తెలుగు వార్తలు రావడానికి మరో ఆరేళ్లు పట్టింది. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ తొలి బులెటిన్ చదివారు. టెలీప్రాంప్టర్ లేదు, చేతిలో కాగితాలు, మిగతాది జ్ఞాపకశక్తి. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జనం తలుచుకున్నది ఆ గొంతునూ, ఆ నిదానాన్నే. ఆ బులెటిన్‌కూ లోపాలున్నాయి. ప్రభుత్వం మాటే వార్తగా చెలామణి అయిన కాలమది. కానీ చదివే మనిషికీ వినే మనిషికీ మధ్య అడ్డంగా కదిలే పట్టీలు లేవు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. 2003 డిసెంబర్‌లో ఈటీవీ2, 2004 ఆరంభంలో టీవీ9 రావడంతో తెలుగులో ఇరవైనాలుగ్గంటల వార్తల యుగం మొదలైంది. ‘మెరుగైన సమాజం కోసం’ అంటూ టీవీ9 వచ్చిన నాలుగైదేళ్లలోనే టీవీ5, ఎన్‌టీవీ, సాక్షి, హెచ్‌ఎంటీవీ, ఏబీఎన్ వరుసకట్టాయి. వీటిలో చాలావాటి స్టూడియోలు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ చుట్టుపక్కలే వెలిశాయి. నాయకుల ఇళ్లు అక్కడే, కొన్ని పార్టీల ఆఫీసులు అక్కడే, సినిమావాళ్లు అక్కడే. కెమెరా ఎక్కువ దూరం పోనక్కర్లేదు. తూర్పు హైదరాబాద్‌కు అది రావాలంటే ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉండాలి, లేదంటే నాచారం పారిశ్రామికవాడలో గోదాం అంటుకోవాలి. అదే నాచారంలో షిఫ్టు దిగి వచ్చే కార్మికుడి జీతం గురించి, ఉప్పల్–నారపల్లి రోడ్డుపై 2018లో మొదలై ఏళ్ల తరబడి స్తంభాలుగానే నిలబడిపోయిన ఫ్లైఓవర్ కింద దుమ్ము మింగుతున్న చిరువ్యాపారుల గురించి లైవ్ కిట్ బయల్దేరదు.

ఒక కంపు వార్త ప్రయాణం చూద్దాం. కాలనీ వాళ్లు చానెల్ స్థానిక విలేకరికి, అంటే స్ట్రింగర్‌కు, ఫోన్ చేస్తారు. అతను బండి మీద వెళ్లి సెల్‌ఫోన్‌లోనే విజువల్స్ తీస్తాడు, ఇద్దరి బైట్లు తీసుకుంటాడు, నాలుగు లైన్ల స్క్రిప్టుతో కలిపి వాట్సాప్ గ్రూపులో వేస్తాడు. ఆఫీసులో ఇన్‌పుట్ డెస్క్ దాన్ని చూస్తుంది. అప్పటికే ఆ గ్రూపుల్లో వందల క్లిప్పులు పడి ఉంటాయి. ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు పోతే బులెటిన్ ప్రొడ్యూసర్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: విజువల్స్ ఉన్నాయా? ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు, దూరంగా ఒక గుట్ట, తలుపులు మూసిన ఇళ్లు. కంపును కెమెరా పట్టలేదు. బులెటిన్ వార్తల వరుసలో, అంటే రన్‌డౌన్‌లో, చివర ఎక్కడో పెడతారు. ఆ లోపు ఏదో పార్టీ నాయకుడు ప్రెస్‌మీట్ పెడతాడు, ప్యానెల్ రూమ్‌లో ‘లైవ్‌కు వెళ్లండి’ అన్న కేక వినబడుతుంది, రన్‌డౌన్ మొత్తం కిందికి జరుగుతుంది. దమ్మాయిగూడ ఆ పూటకు జారిపోతుంది. ఆ పూట జారిన వార్త మరుసటి రోజుకు పాతది. ఇందులో ఏ ఒక్కరూ కుట్ర చేయలేదు. అందరూ తమ పని తాము చేశారు. అందుకే ఇది మరింత బాధాకరం.

ఆ స్ట్రింగర్ సంగతి ఇంకా బాధాకరం. మన టీవీ భాషలో లోగో అంటే తెర మూల మీద మెరిసే గుర్తు ఒక్కటే కాదు, మైకుకు తొడిగే ఆ రంగు డబ్బా కూడా. మండలం స్థాయిలో విలేకరి గుర్తింపు, పలుకుబడి, ఆఫీసుల్లో దొరికే కుర్చీ అన్నీ దానితోనే. అది చేతికి రావాలంటే డిపాజిట్ కట్టించుకునే చానెళ్లు ఉన్నాయన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన రహస్యం. నెల జీతం ఉండదు. ప్రసారమైన వార్తకు ఇంత అని లెక్కగడతారు, అదీ నెలల తరబడి బకాయి. పైగా ఉగాదికీ దసరాకూ నాయకుల పుట్టినరోజులకూ యాడ్స్ తేవాలని టార్గెట్. పొద్దున ఎవరి దగ్గర ప్రకటన తెచ్చాడో సాయంత్రం ఆ మనిషి అక్రమ నిర్మాణం మీద వార్త పంపగలడా? చెత్త కాంట్రాక్టు గురించి గట్టిగా రాయగలడా? స్థానిక విలేకరులు కొందరు బెదిరింపులకు, వసూళ్లకు దిగుతున్నారని తిట్టేవాళ్లు, ఆ విలేకరి చేతిలో జీతం లేని లోగో పెట్టింది ఎవరని అడగరు. మన ఊళ్ల నుంచి వచ్చే వార్తలో నాణ్యత పడిపోవడానికి మొదటి కారణం ఇదేనని నా గట్టి అభిప్రాయం.

లోగోకు ఉన్న విలువ ఎంతో తెలియాలంటే 2019 చూడాలి. అంతకు ముందు ఏడాది టీవీ9 మాతృసంస్థ ఏబీసీఎల్‌లో మెజారిటీ వాటా అలంద మీడియా చేతికి వెళ్లింది. కొత్త యాజమాన్యానికీ వ్యవస్థాపకుడు రవిప్రకాశ్‌కూ మధ్య రేగిన వివాదాల్లో ఒకటి చానెల్ లోగో, ట్రేడ్‌మార్కుల మీదే. వాటిని 99 వేల రూపాయలకు వేరే సంస్థకు కట్టబెట్టారన్నది రవిప్రకాశ్‌పై ఫిర్యాదు. ఆ ఆరోపణలను ఆయన తోసిపుచ్చారు. తప్పొప్పులు తేల్చాల్సింది న్యాయస్థానాలు. నా దృష్టి వేరే దానిపై ఉంది. ఆ వివాదమంతా వాటాల మీద, పదవుల మీద, గుర్తు మీద నడిచింది. పదిహేనేళ్లుగా ఆ గుర్తును రెండు రాష్ట్రాల ఊరూరా మోసిన విలేకరుల శ్రమ ఎవరి ఆస్తి అన్న మాటే అందులో రాలేదు.

ఇక రేటింగుల సంగతి. 2020 నాటికి దేశంలో సుమారు 21 కోట్ల టీవీ ఇళ్లుంటే, రేటింగులు లెక్కించే బార్క్ మీటర్లు పెట్టింది 44 వేల ఇళ్లలోనే. ఆ ఏడాది అక్టోబర్‌లో ముంబయి పోలీసులు రేటింగుల అక్రమాలపై కేసు పెట్టాక న్యూస్ చానెళ్ల రేటింగులను బార్క్ నిలిపేసింది. 2022 మార్చి దాకా అవి రాలేదు. వచ్చాక కూడా వారం వారం అంకెలు కాకుండా నాలుగు వారాల సగటు ఇవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో ఏడాదిన్నర పాటు ఎవరు ముందో ఎవరు వెనకో తెలియని ఆ కాలంలోనైనా చానెళ్లు ఊళ్ల వైపు చూస్తాయని ఆశించినవాళ్లలో నేనూ ఉన్నాను. అలా జరగలేదు. అరుపులు అలాగే సాగాయి, పోటీ యూట్యూబ్ వ్యూస్‌కు మళ్లింది. దీనికి తోడు ల్యాండింగ్ పేజీ ఒకటి. సెట్‌టాప్ బాక్సు ఆన్ చేయగానే మనం అడగకుండానే వచ్చే చానెల్ అదే. ఆ చోటు కోసం కేబుల్ సంస్థలకు చానెళ్లు భారీ మొత్తాలు చెల్లిస్తాయి. ఒక నెల ల్యాండింగ్ పేజీకి పెట్టే సొమ్ముతో నగర శివార్లలో ఎంతమంది విలేకరులకు జీతమివ్వొచ్చో యాజమాన్యాలే లెక్కేసుకోవాలి.

కేబుల్ పెట్టె దగ్గర తాళం ఎవరి చేతిలో ఉందో 2014 జూన్‌లో చూశాం. తెలంగాణ ఎమ్మెల్యేల ప్రమాణ స్వీకారంపై టీవీ9లో వచ్చిన కార్యక్రమం దుమారం రేపింది. కొద్ది రోజుల్లోనే కొత్త రాష్ట్రంలో టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను కేబుల్ సంస్థలు ఆపేశాయి, నెలల తరబడి అవి తెరకు దూరమయ్యాయి. ఆ కార్యక్రమం ఎగతాళిగా ఉందన్న కోపం న్యాయమైనదే. అయినా చానెల్ గొంతు నొక్కే పద్ధతి తప్పు. ఆ పాఠం నుంచి యాజమాన్యాలు నేర్చుకున్నది అధికారంతో జాగ్రత్తగా ఉండాలని. చూసేవాడికి జవాబుదారీగా ఉండాలని నేర్చుకుని ఉంటే ఎంత బావుండేది!

చానెల్ రంగు చూసి పార్టీని పోల్చుకునే అలవాటు మన ప్రేక్షకులకు వచ్చేసింది. టీ న్యూస్ బీఆర్‌ఎస్‌దని, సాక్షి జగన్‌మోహన్‌రెడ్డి కుటుంబానిదని, వీ6 వివేక్ వెంకటస్వామి కుటుంబానిదని, ఆయన 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రి అయ్యారని, టీవీ5 అధినేత బీఆర్ నాయుడు 2024లో టీటీడీ చైర్మన్ అయ్యారని జనానికి తెలుసు. తెలుసుకున్నది బయట నుంచి. ఏ చానెల్ అయినా తన యజమానికి సంబంధించిన వార్త చదివేటప్పుడు ‘ఇది మా యాజమాన్యానికి సంబంధించిన విషయం’ అని తెరపై రాస్తుందా? ప్రభుత్వ చానెల్‌కూ మినహాయింపు లేదు. 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల వేళ, డీడీ న్యూస్ లోగో ఎరుపు నుంచి కాషాయానికి మారింది. విమర్శలు వచ్చాయి, రంగు మాత్రం అలాగే ఉండిపోయింది.

బ్రాండ్ అనేది చెడ్డ మాటేం కాదు. ఈటీవీకి పల్లెల్లో పేరు తెచ్చిన వాటిలో పొద్దుటే వచ్చే అన్నదాత ఒకటి. పంట తెగులు గురించి, విత్తనం గురించి ఓపికగా చెప్పారు కాబట్టి రైతు నమ్మాడు. వీ6 తీన్మార్ వార్తలు తెలంగాణ మాటను, అదీ ఇంట్లో మాట్లాడుకునే మాటను, యాంకర్ నోటికి తెచ్చాయి. అంతదాకా టీవీలో ఆ యాస ఎక్కువగా నవ్వులాటకే పనికొచ్చేది. నిండైన విషయం ఉంటే లోగో దానంతట అదే జనం నోళ్లలో నిలుస్తుందనడానికి ఈ రెండూ చాలు.

2022 డిసెంబర్‌లో బడికని వెళ్లిన ఒక చిన్నారి దమ్మాయిగూడ చెరువులో శవమై దొరికినప్పుడు తెలుగు చానెళ్ల లోగోలన్నీ ఆ గట్టుకు చేరాయి. ఏడుస్తున్న తల్లి ముందు ఎన్ని మైకులు పెట్టాలన్న దానికి మనకు ఇప్పటికీ ఒక పద్ధతి లేదు. కొద్ది రోజులకు వ్యాన్లు వెళ్లిపోయాయి. చెరువు గట్టుకు కంచె వేశారా, దారిలో దీపాలు వెలిగాయా, బడి నుంచి పిల్ల బయటికొస్తే చూసే దిక్కు ఎవరు అన్నవి కూడా వార్తలే. వాటిని అడగడానికి నెలకోసారైనా తిరిగివచ్చే విలేకరి కావాలి.

ఇలాంటి స్థానిక వార్తకు చట్టం దారి మూసేయలేదు. కేబుల్ సంస్థలు తమ సొంత స్థానిక చానెళ్లు నడుపుకోవడానికి కేంద్రం 2022 నవంబర్‌లో మార్గదర్శకాలిచ్చింది. మొత్తం చానెళ్ల సామర్థ్యంలో 5 శాతం దాకా వీటికి వాడుకోవచ్చు. స్థానిక వార్తలు ఇవ్వాలంటే కంపెనీగా నమోదు కావాలి. ఉప్పల్, నాచారం, ఈసీఐఎల్, దమ్మాయిగూడ, కీసర కలిపి ఒక అరగంట బులెటిన్ నడపడానికి అడ్డొచ్చేదేమీ లేదు. పాతపాటలు, స్వీటు దుకాణాల ప్రకటనలు వేసుకుంటున్న ఆ చానెళ్లను స్థానిక వార్తకు మళ్లించాలి. ముందుగా కదలాల్సింది మాత్రం రామంతాపూర్‌లోని దూరదర్శన్ యాదగిరి. దానికి రేటింగుల భయం లేదు, డబ్బు జనానిది, దమ్మాయిగూడకు దగ్గర కూడా. రోజూ పావుగంట నగర శివార్లకు కేటాయించాలి, యార్డు కంపు మీద వారం వారం అధికారులను కూర్చోబెట్టి ప్రశ్నించాలి. ప్రైవేటు చానెళ్లు స్ట్రింగర్ల దగ్గర డిపాజిట్లు తీసుకోవడం మానాలి, తీసుకున్నవి తిరిగివ్వాలి, నెలజీతమివ్వాలి, వార్త ఎవరు పంపారో ఆ పేరు తెరపై వేయాలి. కాలనీ సంక్షేమ సంఘాలవారికి ఒక విన్నపం: మీ దగ్గరికి మైకుతో వచ్చిన విలేకరిని ముందుగా ‘నీకు జీతమిస్తున్నారా?’ అని అడగండి. ఇవ్వడం లేదంటే ఆ చానెల్ పేరు మీ తర్వాతి మీటింగులో అందరి ముందూ చదవండి.