ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక ఆటబల్ల

తెలుగునాట క్యారంబోర్డు లేని ఊరు వెతికినా దొరకదు. చిక్కంతా అది ఉన్న చోటుతోనే వచ్చింది. యువజన సంఘం గది, టీకొట్టు పక్కన రేకుల షెడ్డు, రిక్రియేషన్ క్లబ్బు, వీధి దీపం కింద ఇనుప డ్రమ్ము. చుట్టూ చేరేవాళ్లు కుర్రకారు, నడివయసు మగవాళ్లు. చాలాచోట్ల ఆటకు ఇంతని పందెం కూడా ఉంటుంది. తొమ్మిదేళ్ల ఆడపిల్ల అటువైపు పోదు, పోతే ఇంట్లో ఊరుకోరు. అరవై దాటిన అమ్మమ్మకు అక్కడ కుర్చీ వేసేవాళ్లుండరు. ఇక ఇంట్లో కొన్న చిన్న బోర్డు వేసవి సెలవుల్లో నాలుగు రోజులు కిందికి దిగి, స్ట్రైకర్ ఎక్కడో పోయాక, మళ్లీ అటకెక్కుతుంది.

ఈ కరపత్రం కోరేది ఒక్కటే. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక ఆటబల్ల వేయాలి. వేలి నేర్పుతో, చేతి నిలకడతో ఆడే ఆటలు దాని మీద ఉండాలి. వారానికి రెండు పూటలైనా పిల్లలూ పెద్దలూ అక్కడ జతకట్టి ఆడుకోవాలి.

ప్రత్యేకించి చేతినేర్పు ఆటలే ఎందుకన్నది ముందు తేల్చుకోవాలి. చదరంగం గొప్ప ఆట, కాదనేవారు లేరు. కానీ ఆట తెలిసిన తండ్రి, కొత్తగా నేర్చుకుంటున్న కూతురితో కూర్చుంటే ఇరవై ఎత్తుల్లో ఆట తేలిపోతుంది. తండ్రి కావాలని ఓడితే పిల్ల కనిపెట్టేస్తుంది, కనిపెట్టాక ఆ గెలుపు ఆమెకు రుచించదు. వైకుంఠపాళిలో అందరూ సమానమే, కానీ అక్కడ పని చేసేది పాచికే, ఎంతసేపు ఆడినా నేర్చుకునేదేమీ ఉండదు. వేలితో కొట్టే ఆట, వేలితో పేర్చే ఆట ఈ రెంటికీ భిన్నం. పెద్దవాళ్ల చదువు, హోదా, జ్ఞాపకశక్తి అక్కడ అంతగా అక్కరకు రావు. రెండు నెలలు సాధన చేసిన పదేళ్ల పిల్లవాడు ఇంజనీరు మేనమామను నిజంగానే ఓడించగలడు. మేనమామ నిజంగానే ఓడతాడు. పిల్లలు అన్నిటికన్నా ముందుగా పట్టేసేది ఈ నిజాన్నే.

క్యారమ్స్‌నే దగ్గరగా చూడండి. పోటీల బోర్డు ఆడే స్థలం సుమారు 74 సెంటీమీటర్ల చదరం. తెల్లవి 9, నల్లవి 9, ఎరుపు ఒకటి. ఒక్కో కాయిన్ బరువు 5 గ్రాములకు కాస్త అటూ ఇటూ, స్ట్రైకర్ 15 గ్రాములు దాటకూడదు. అంటే దాదాపు మూడు రెట్ల బరువున్న వస్తువు తేలికైనదాన్ని తాకుతుంది. గట్టిగా కొడితే కాయిన్ అంచుకు తగిలి వెనక్కి వస్తుంది, మెల్లగా కొడితే పాకెట్ ముందే ఆగిపోతుంది. ఎంత బలం ఎక్కడ సరిపోతుందో పుస్తకం చెప్పదు, గోరు చివర తెలియాలి. కాయిన్‌కు స్ట్రైకర్ ఏ పక్కన తగిలితే అది ఏ దిక్కుకు పోతుందో నెల తిరిగేసరికి పిల్లల కంటికి పట్టుబడుతుంది. అంచుకు కొట్టి వెనక్కి రప్పించే దెబ్బ వేసే పిల్లకు పతన కోణం, పరావర్తన కోణం అన్న మాటలు తర్వాతెప్పుడో బడిలో వినిపిస్తాయి. అప్పటికి అవి ఆమెకు పాత చుట్టాలే.

ఎరుపు కాయిన్ నియమం మరీ అందమైనది. రెడ్ వేసినంత మాత్రాన అది దక్కదు, వెంటనే తన రంగు కాయిన్ ఒకటి వేసి ఫాలో ఇవ్వాలి. ఇవ్వలేకపోతే రెడ్ మళ్లీ నడిబోర్డు మీదికి వస్తుంది. తొందరపాటు ఎక్కువగా ఉన్న పిల్లలు ఈ ఒక్క నియమంతో ముందుచూపు నేర్చుకుంటారు: ఫాలోకు అనువైన కాయిన్ ఎక్కడుందో చూసుకున్నాకే రెడ్డు జోలికి పోతారు. డబుల్స్‌లో జోడీలు ఎదురెదురుగా కూర్చుంటారు. పోటీ నియమాల ప్రకారం ఆట మధ్యలో జోడీకి సలహా చెప్పకూడదు. పిల్లవాడితో జతకట్టిన తాతయ్య నోరు కట్టుకుని, వాడి నిర్ణయం వాడికే వదిలి, వాడు వదిలేసిన కాయిన్లతో తన దెబ్బ వేసుకోవాలి. పిల్లల ప్రతి పనిలోనూ అడుగడుగునా చెప్పే అలవాటున్న పెద్దలకు ఇంతకన్నా మంచి శిక్షణ ఉండదు.

ఆటంటే కాలక్షేపమని పెదవి విరిచేవారికి ఈ దేశపు క్యారమ్స్ చరిత్రే జవాబు. అంతర్జాతీయ క్యారం సమాఖ్య 1988లో చెన్నైలోనే పుట్టింది. ఆ నగరానికి చెందిన మరియా ఇరుదయం రెండుసార్లు ప్రపంచ విజేత, క్యారమ్స్‌కు అర్జున అవార్డు తెచ్చిన ఆటగాడు. హైదరాబాద్‌కు చెందిన ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో మహిళల ప్రపంచ టైటిల్ గెలిచారు. చెన్నైలోనే ఒక ఆటో డ్రైవర్ కూతురు, పదిహేడేళ్ల ఖాజిమా, 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచకప్‌లో 3 స్వర్ణాలు గెలిచి వచ్చింది. ఆమెకు ఆట నేర్పింది తండ్రే. ఆ ఇంట్లో పెద్దాయన, చిన్నది ఒకే బోర్డు ముందు కూర్చున్నారు కాబట్టే ఆ పతకాలు వచ్చాయి. అపూర్వ సొంత నగరంలో ఇవాళ క్యారమ్స్ నేర్చుకోవాలనుకునే బస్తీ ఆడపిల్ల ఏ గుమ్మం ఎక్కాలి? టీకొట్టు షెడ్డు తప్ప మరో చిరునామా చెప్పగలిగిన ఊళ్లు ఎన్ని ఉన్నాయి?

క్యారమ్స్ ఒక్కటే చాలదు. లోకంలో ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని పెద్దవాళ్లు పిల్లల కోసం తమ చేత్తో చేసినవే. కెనడాలో క్రోకినోల్ అనే ఆట ఉంది. గుండ్రటి చెక్క, నడుమ 20 పాయింట్ల చిన్న గుంట, దాని చుట్టూ 8 మేకుల కాపలా. అంచు నుంచి చెక్క బిళ్లను వేలితో చిమ్మి ఆ గుంటలో పడేయాలి. ఇప్పటికి దొరికిన వాటిలో అతి పాత బోర్డును ఒంటారియోలో ఎకార్ట్ వెట్‌లాఫర్ అనే ఆయన 1876లో తన కొడుకు అయిదో పుట్టినరోజుకు తయారుచేశాడు. అదే రాష్ట్రంలోని టావిస్టాక్ అనే చిన్న ఊళ్లో 1999 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి, పిల్లలకూ వేరే విభాగం ఉంది. అమెరికాలోని మిచిగన్‌లో హెన్రీ హాస్కెల్ అనే ఆదివారపు బడి పంతులు 19వ శతాబ్దం చివర్లో పాకెట్లున్న చెక్క బోర్డు ఒకటి తయారుచేశాడు. ఊరి కుర్రాళ్లు జూదపు బిలియర్డ్స్ గదులకు పోకుండా ఆపడమే ఆయన ఉద్దేశం. పందెం ఆటలకు విరుగుడుగా మంచి ఆటను మంచి చోట పెట్టాలన్న ఆలోచన అంత పాతది.

జెంగా సంగతి అందరికీ తెలిసిందే. 54 చెక్క ముక్కలను మూడేసి చొప్పున 18 వరసలు పేర్చి, కిందినుంచి ఒక్కొక్కటి లాగి పైన పెట్టడం. 1970లలో ఘనాలో లెస్లీ స్కాట్ కుటుంబం రంపపు మిల్లు నుంచి తెచ్చుకున్న ముక్కలతో ఆడుకున్న ఇంటి ఆట అది. ఆమె దాన్ని 1983లో లండన్ బొమ్మల ప్రదర్శనలో పెట్టాక లోకమంతా పాకింది.

ఈ జెంగాకు అక్క వరస అయిన ఆట తెలుగు అరుగుల మీద ఎప్పటినుంచో ఉంది. చింతపిక్కలు కుప్పపోసి, నోటితో ఒక్కసారి ఊది, విడిపోయిన పిక్కలను పక్కవి కదలకుండా వేలి కొనతో తీయడం. ఒక్కటి కదిలినా వంతు పోతుంది. అచ్చనగాయలనో గచ్చకాయలనో పిలుచుకుంటూ అయిదు రాళ్లతో ఆడే ఆటలో రాయి గాల్లో ఉండగానే కింది రాళ్లు ఏరుకోవాలి. కన్ను పైన, చెయ్యి కింద. ఆ ఆట మొన్నటి తరం అమ్మమ్మలకు బాగా వచ్చు, వాళ్ల ముందు మనవలెవరూ నిలవలేరు. అందుకే ఆటబల్ల మీద అమ్మమ్మకు గురుస్థానం దక్కాలి. కొనాల్సిందేమీ లేదు, గుప్పెడు చింతగింజలు, అయిదు గులకరాళ్లు చాలు. ఏటికొప్పాక ఉండగా జెంగా లాంటి ఆటలను ప్లాస్టిక్ పెట్టెల్లో కొనాల్సిన పనీ లేదు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కలో సహజ రంగులు కలిపి అద్దే కళాకారుల ఊరది. ఆ రంగులను నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బొంగరాలు, పేర్చే గుండ్లు, తూకం ఆటలు చేయడానికి వాళ్ల చేతికి కొత్తగా ఏమీ నేర్పనక్కర్లేదు. ప్రభుత్వ గ్రంథాలయాలు ఒక్క ఆర్డరు ఇస్తే చాలు, ఆ ఊరికి ఏడాది పొడుగునా పని దొరుకుతుంది.

గ్రంథాలయంలో ఆటలేమిటి, అది చదువుకునే చోటు కదా అనే అభ్యంతరం గట్టిదే. ముఖ్యంగా ఇవాళ గ్రంథాలయాల కుర్చీలన్నీ గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలకు చదువుకునే వాళ్లవి. కిరాయి గదిలో చోటు చాలక, పొద్దున్నే వచ్చి సీటు పట్టుకునే పిల్లలు వాళ్లు. స్ట్రైకర్ చప్పుడు వాళ్ల చెవిన పడకూడదు, ఈ విషయంలో రాజీ పనికిరాదు. దారి లేకపోలేదు. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి మధ్యాహ్నం తాళం వేసి ఉంటాయి. సెలవు రోజు ఆ మూసిన మధ్యాహ్నపు వేళే ఆటబల్లది కావచ్చు. వేరే గదో, వెనక వరండానో ఉన్నచోట ఆ ఇబ్బందీ ఉండదు. అలా తెరవడం ఉన్న ఒక్క గ్రంథపాలకుడి నెత్తిన పడేసే అదనపు చాకిరీ కాకూడదు. స్థానిక యువతీయువకులిద్దరికి గౌరవ వేతనం ఇచ్చి ఆ పూట అప్పగించాలి.

తెలుగువాళ్ల గ్రంథాలయం ఏనాడూ పుస్తకాల కొట్టు మాత్రమే కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుంచి ఉపన్యాసాలకు, రాత్రి బడులకు, పత్రికా పఠనానికి, రాజకీయ చర్చకు అవే వేదికలు. పుస్తకాలను పడవల మీద ఊరూరికీ తీసుకెళ్లిన సంప్రదాయమది. వేసవి శిబిరాల్లో కొన్ని శాఖలు ఇప్పటికే కథలు చెప్పడంతో పాటు బొమ్మలు వేయించడం, ఆటలు ఆడించడం చేస్తున్నాయి. అది ఏడాదంతా సాగాలన్నదే ఇక్కడి కోరిక. బయట దేశాల్లో ఇది పాత సంగతి. మహా మాంద్యం రోజుల్లో, 1935లో, లాస్ ఏంజెలెస్‌లో పిల్లలకు పుస్తకాల్లాగే బొమ్మలు, ఆటలు అరువిచ్చే కేంద్రం మొదలైంది. ఆ పథకం ఇన్ని దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది.

డబ్బు మాట. ఇంటి పన్నుతో పాటు ప్రతి కుటుంబం రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతోంది. ఆ సెస్సు స్థానిక సంస్థల ఖాతాల్లోనే ఉండిపోయి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ కాకపోవడం ఏళ్ల నాటి ఫిర్యాదు. ఆటబల్ల అడిగేవాళ్లు ముందు ఆ బకాయి గురించే అడగాలి, ఎందుకంటే కొత్త పుస్తకాలు రావాల్సిందీ ఆ డబ్బుతోనే. పుస్తకాల పద్దు కోసి ఆటలకు పెట్టడం ఈ కరపత్రం ఉద్దేశం కాదు. పెద్ద బోర్డు, స్టాండు, పైన వేలాడే లైటు, ఏడాదికి సరిపడా బోరిక్ పౌడరు కలిపినా ఒక ఇనుప బీరువా ఖర్చుకు మించదు. జాగ్రత్తగా వాడితే బోర్డు చాలా ఏళ్లు నిలుస్తుంది. వానాకాలంలో చెమ్మ తగలకుండా, ఏటవాలుగా గోడకు చేరేయకుండా బల్ల మీదే బోర్లించి ఉంచితే ప్లైవుడ్ వంగదు.

నియమాలు మాత్రం మొదటి రోజునుంచే కచ్చితంగా ఉండాలి. పందెం పెట్టినవారికి ఆ పూటతో సరి. డబుల్స్ ఆడే ప్రతి జోడీలో ఒకరు పద్నాలుగేళ్ల లోపువారు, మరొకరు పెద్దవారై ఉండాలి. సొంత బిడ్డతోనే జతకట్టనక్కర్లేదు, పక్కింటి పెద్దమ్మతో ఎదురింటి పిల్లాడు ఆడితే ఇంకా మంచిది. వారంలో ఒక పూట పూర్తిగా ఆడవాళ్లకు, ఆడపిల్లలకు కేటాయించాలి. చిన్నపిల్లల కోసం ఎత్తు తక్కువ స్టాండు మీద చిన్న బోర్డు ఒకటి విడిగా ఉండాలి. బల్ల చుట్టూ చక్రాల కుర్చీ తిరిగేంత జాగా వదలాలి. నడవలేనివారు నడిచేవారితో ఏ రాయితీ లేకుండా తలపడగలిగిన అరుదైన ఆటల్లో క్యారమ్స్ ఒకటి.

బడులకూ ఇందులో పాత్ర ఉంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలను 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపమంటోంది. వాటిలో ఒక రోజు పిల్లలు ఊరి గ్రంథాలయానికి నడిచి వెళ్లి ఆటబల్ల ముందు కూర్చోవచ్చు, వచ్చేటప్పుడు ఒక పుస్తకమూ తెచ్చుకోవచ్చు. అయిదేళ్ల లోపు పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే హద్దు గీసింది: రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వాళ్లకు తెర ముందు గంటకు మించి వద్దు, ఎంత తగ్గితే అంత మేలు. ఆ గంట తర్వాత పిల్లల చేతికి ఏమివ్వాలో ప్రతి ఇంటినీ ఒంటరిగా తేల్చుకోమనడం అన్యాయం. ఫోను లాక్కోవడం తల్లి పని, ఆడుకునే చోటు చూపించడం ఊరి పని.

మొదలుపెట్టడానికి తగిన వారం క్యాలెండర్‌లో సిద్ధంగానే ఉంది. బాలల దినోత్సవంతో మొదలై నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఏటా వ్యాసరచన, క్విజ్, చిత్రలేఖనం పోటీలు పెడతారు, పిల్లలు బహుమతులు తీసుకుంటారు, పెద్దలు కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడతారు. ఈసారి ఆ పెద్దలను కుర్చీలతో సహా బల్ల దగ్గరికి జరపాలి. ఒక చిన్న, ఒక పెద్ద జోడీగా పేరిచ్చే క్యారమ్స్ పోటీ ఒకటి, అచ్చనగాయల పోటీ ఒకటి జాబితాలో చేర్చమని పాఠకులు, బడి తల్లిదండ్రుల కమిటీలు, పంచాయతీ సభ్యులు సంతకాలతో జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అర్జీ ఇవ్వాలి. అక్టోబర్ 2 నాటి గ్రామసభలో సెస్సు బకాయి లెక్క అడిగి, ఆటబల్ల తీర్మానం రాయించి, దాని నకలును ఆ అర్జీకి జతచేయాలి.