జీను కింద చెమట లెక్క
కాలిఫోర్నియా కొండల్లో 1955లో మొదలైన గుర్రపు స్వారీ టెవిస్ కప్. 24 గంటల్లో 160 కిలోమీటర్లు! దారిలో పశువైద్యులు ఆపి చూస్తారు. గుర్రం కుంటిందా, ఆట అక్కడితో బంద్.

అందుకే దూరపు స్వారీ అంటే నేను ముందు చూసేది వేగం కాదు, జీను తీశాక వీపు. అంతా ఒకేలా తడిస్తే ఓకే. తడి మధ్యలో పొడి మచ్చ ఉందా? అక్కడ వేళ్లతో నొక్కండి. గుర్రం ముడుచుకుంటే జీను ఒత్తుతున్నట్టే.

కింద ఇంకో మెత్త వేస్తే సరిపోదా? బిగుతు బూట్లలో మందం సాక్సులు తొడిగినట్టే! జీను భుజానికి అడ్డం రాకూడదు, వెన్నెముకకు తగలకూడదు. పైగా శిక్షణతో గుర్రం ఒళ్లు మారుతుంది. నిరుడు సరిపోయిన జీను ఈ ఏడు ఒత్తొచ్చు. నొప్పని అది నోరు తెరిచి చెప్పదు, మనమే చూడాలి.